మీ ఉత్తరాలకి జవాబులు: ఊరు లేని బిషప్పు, బొమ్మల పుస్తకం

పోయిన నెల టీచర్ల గురించి రాస్తూ మధ్యలో ఒక్క మాట అన్నాను. మనం సెప్టెంబర్ 5న చేసుకున్నట్టే చెక్ దేశంలో మార్చి 28న టీచర్స్ డే చేసుకుంటారనీ, అది యాన్ ఆమోస్ కొమేనియస్ అనే పాస్టరుగారి పుట్టినరోజనీ, ఆయన 42 ఏళ్ళు పరాయి దేశాల్లో శరణార్థిగా బతికి అక్కడే పోయాడనీ. ఆ ఒక్క మాటకి వచ్చినన్ని ఉత్తరాలు ఈమధ్య దేనికీ రాలేదు. అందుకే ఈసారి కాలమ్ మొత్తం ఆయనకే ఇచ్చేస్తున్నా. వేరే ప్రశ్నలు పంపినవాళ్ళు ఏమనుకోకండి, వచ్చే నెల తప్పకుండా చూస్తాను.

ప్రశ్న: సార్, నేను గవర్నమెంటు స్కూల్లో ఎస్జీటీని. డీఎస్సీకి చదివేటప్పుడు కొమేనియస్ అంటే ఆధునిక విద్యకి పితామహుడు అని ఒక బిట్టు బట్టీ పట్టాను, అంతే. ఆయన పాస్టరనిగానీ, ఇల్లూ వాకిలీ పోగొట్టుకుని దేశాలు పట్టి తిరిగాడనిగానీ నేను చదివిన గైడుల్లో ఎక్కడా లేదు. మొదటినుంచీ ఆయన కథ చెప్తారా?
— ఒక టీచరు, ఒంగోలు

జవాబు: అమ్మా, మీరే కాదు నేనూ అంతే, చాలా ఏళ్ళపాటు నాకూ ఆయన ఒక పేరు, పక్కన ఒక పుస్తకం పేరు, అంతకుమించి ఏమీ తెలీదు. తర్వాత ఆయన జీవితం చదివాక రెండు మూడు రోజులు వేరే పని చెయ్యబుద్ధి కాలేదు.

1592లో మొరావియాలో పుట్టాడు, ఇప్పుడది చెక్ దేశంలో భాగం. ఇంట్లోవాళ్ళు 'సహోదరుల ఐక్యత' అనే చిన్న సంఘానికి చెందినవాళ్ళు. 1415లో యాన్ హుస్ అనే బోధకుణ్ణి సజీవంగా తగలబెట్టారు కదా, ఆయన బోధని పట్టుకుని 1457లో మొదలైన సంఘం అది, అంటే ప్రొటెస్టెంట్ ఉద్యమానికి నాంది పలికిన లూథర్ కంటే అరవై ఏళ్ళ ముందే ఉంది. పిల్లాడికి పన్నెండు పదమూడేళ్ళు వచ్చేసరికి నాన్న పోయాడు, అమ్మ పోయింది, ఇద్దరు తోడబుట్టినవాళ్ళు పోయారు. మేనత్త ఇంట్లో చేరిస్తే 1605లో సైన్యాలొచ్చి ఆ ఊరినీ కాల్చేశాయి. లాటిన్ బడిలో చేరేసరికి పదహారేళ్ళు, పక్కన కూర్చున్నవాళ్ళంతా చిన్నపిల్లలు. నాకేమనిపిస్తుందంటే, మీసాలొచ్చే వయసులో అ ఆల దగ్గర కూర్చున్నాడు కాబట్టే బడిలో పిల్లల్ని ఎంత హింస పెడుతున్నారో ఆయనకి స్పష్టంగా కనపడింది, చిన్నప్పుడే చేరినవాళ్ళకి అది మామూలైపోతుంది. పెద్దయ్యాక ఆ బడుల్ని బుర్రల్ని కోసే కసాయికొట్లు అన్నాడు, చూశారా ఎంత కసి ఉందో లోపల.

చదువుకి జర్మనీ వెళ్ళాడు, హెర్బోర్న్, ఆ తర్వాత హైడెల్బర్గ్. అక్కడ కోపర్నికస్ చేతిరాత ప్రతి ఒకటి అమ్మకానికొస్తే ఉన్న డబ్బులన్నీ పెట్టి కొనేశాడు, ఇంక దారిఖర్చులకి లేక ఇంటిదాకా నడిచే వచ్చాడు, వందల కిలోమీటర్లు. 1616లో పాస్టరుగా అభిషేకం అయింది, 1618లో ఫుల్నెక్ అనే ఊరికి వేశారు, అటు సంఘం ఇటు బడి రెండూ ఆయనే చూసుకునేవాడు. పెళ్ళయింది, ఇద్దరు పిల్లలు. ఆయన జీవితం మొత్తంలో తన దేశంలో, తన జనం మధ్య, తన గుడిలో నిలబడి ప్రసంగం చేసింది ఆ మూడేళ్ళే.

1620 నవంబర్ 8న ప్రాగ్ పక్కన తెల్లకొండ దగ్గర యుద్ధం జరిగింది. చెక్ ప్రొటెస్టెంట్ దొరలు ఓడిపోయారు, క్యాథలిక్ అయిన హాబ్స్‌బర్గ్ చక్రవర్తి గెలిచాడు. మరుసటేడు జూన్‌లో ప్రాగ్ నడిబజారులో 27 మందికి మరణశిక్ష వేశారు. ఇది ఇప్పటి క్యాథలిక్ సోదరుల మీద నింద అనుకోకండి, ఆ రోజుల్లో యూరప్‌లో అధికారం ఎవరి చేతిలో ఉంటే వాళ్ళు రెండోవాళ్ళని తరిమారు, అదే నిజం. ఫుల్నెక్‌ని దోచుకున్నారు, పాస్టర్ల కోసం వెతికారు, ఈయన భార్యాపిల్లల్ని అక్కడే వదిలి అడవులు పట్టాడు. దాక్కున్న చోటునుంచి భార్యకి ఓదార్పుగా ఒక చిన్న పుస్తకం రాశాడు. ఆ 1622లోనే ప్లేగు వచ్చి ఆమె పోయింది, పిల్లలిద్దరూ పోయారు. మరుసటేడు ఫుల్నెక్ బజారులో ఆయన పుస్తకాలన్నీ కుప్పపోసి తగలబెట్టారు.

ఆ ఏడాదే, 1623లో, ఒక పెద్దమనిషి ఎస్టేట్‌లో తలదాచుకుని ఈయన రాసిన పుస్తకమే 'లోకమనే చిక్కుదారి, హృదయమనే పరదైసు'. ఒక యాత్రికుడు లోకమంతా చూడ్డానికి బయల్దేరతాడు, అతని కళ్ళకి మోసపు కళ్ళజోడు తగిలిస్తారు, దాంట్లోంచి చూస్తే చెడ్డది మంచిగా, మంచిది చెడ్డగా కనపడుతుంది. కానీ ఆ కళ్ళజోడు సరిగ్గా కూర్చోదు, కాస్త వంకరగా ఉంటుంది, కిందనుంచి సందులో అసలు లోకం కనపడుతూనే ఉంటుంది. నాకు ఆ సందు దగ్గరే ఆగిపోవాలనిపిస్తుంది. భార్యాపిల్లల్ని పోగొట్టుకున్న మరుసటేడే ఆ కిందనుంచి కనిపించే సన్నటి సందుని ఊహించగలిగాడంటే ఆ మనిషి లోపల ఏదో పగలకుండా మిగిలి ఉంది. మన క్రైస్తవ ఇళ్ళల్లో 'యాత్రికుని ప్రయాణము' తెలియనివాళ్ళు తక్కువ, అది 1678లో వచ్చింది, ఇది దానికంటే అర్ధశతాబ్దం ముందుది.

1627లో చట్టం చేశారు, మతం మారండి లేదా దేశం వదలండి అని. 1628 ఫిబ్రవరిలో, మంచు ఇంకా కరగలేదు, రెండో భార్యతో, మిగిలిన సంఘస్తులతో కొండలు దాటి పోలెండ్‌లోని లెష్నో అనే ఊరు చేరాడు. అప్పటికి ఆయనకి 35 ఏళ్ళు. మళ్ళీ ఇంటికెళ్ళింది లేదు.

ఇప్పుడు మీ డీఎస్సీ బిట్టు దగ్గరికొద్దాం. కాందిశీకుల ఊళ్ళో పాస్టరుకి జీతం ఎవరిస్తారు, అందుకని అక్కడి స్కూల్లో పాఠాలు చెప్పాడు. పరాయి దేశంలో పుట్టిన తమ పిల్లలు రేపు తిరిగెళ్తే బడులు ఎలా ఉండాలి అని ఆలోచిస్తూ పేజీలకి పేజీలు రాశాడు. అలా పుట్టిందే 'గ్రేట్ డిడాక్టిక్'. పేద, ధనిక, ఆడ, మగ అందరికీ చదువు, మొదటి ఆరేళ్ళు తల్లి ఒడే బడి, తర్వాత ఆరేళ్ళు సొంత భాషలో, ఆ తర్వాతే లాటిన్. 1631లో లాటిన్ నేర్పడానికి ఒక పుస్తకం వేశాడు, సుమారు ఎనిమిది వేల మాటల్ని వెయ్యి వాక్యాల్లో కూర్చి, అది యూరప్‌లో చాలా భాషల్లోకి పాకింది. మన గైడుల్లో దీన్ని బోధనా పద్ధతి అని రాస్తారు. ఆయన మాత్రం ఇల్లు పోయిన పిల్లలకి ఇల్లు సర్దుతున్నాడు. ప్రసంగం వేరు పాఠ్యపుస్తకం వేరు అని ఆయన ఎప్పుడూ అనుకోలేదు, తల్లి ఒడిలో బిడ్డకి దీపం, నీళ్ళు, చెట్టు చూపించి పేర్లు చెప్పడం కూడా ఆయన లెక్కలో దేవుడి పనే. మీరు రేపు ఒకటో తరగతికెళ్ళినప్పుడు ఇది గుర్తు చేసుకుంటారని ఆశ.

ప్రశ్న: అయ్యగారికి వందనాలు. మా ఊరు ప్రాజెక్టు కింద మునిగిపోయింది. మాకిచ్చిన కాలనీలు మూడు చోట్ల, సంఘం మూడు ముక్కలైంది, కుర్రాళ్ళు హైదరాబాద్ పోయారు. చర్చి గంట మాత్రం విప్పి తెచ్చుకున్నాం, కట్టడానికి ఇంకా చోటు లేక మా ఇంటి వరండాలో ఉంది. కొమేనియస్ తన సంఘాన్ని ఎలా నిలబెట్టుకున్నాడో చెప్తారా?
— ఒక పాస్టరు, గోదావరి ఏజెన్సీ

జవాబు: బ్రదర్, మీ ఉత్తరం చదివి ఆ గంట దగ్గరే చాలాసేపు ఉండిపోయాను. మీకు మాత్రం తియ్యటి మాట చెప్పలేను, ఉన్నదున్నట్టు చెప్తా. ఆయన నిలబెట్టుకోలేకపోయాడు. ఆయన కళ్ళముందే ఆ సంఘం చెదిరిపోయింది.

1632లో ఆయన్ని సంఘానికి పెద్దగా, అంటే బిషప్పుగా ఎన్నుకున్నారు. తెల్లకొండ నాటి గొడవతో మొదలై యూరప్ అంతా పాకిన ముప్ఫై ఏళ్ళ యుద్ధం అయిపోతే ఇంటికి వెళ్తామని అందరికీ ఒకటే ఆశ, స్వీడన్ వాళ్ళు మన తరఫున మాట్లాడతారు అని. 1648లో వెస్ట్‌ఫాలియా ఒప్పందం కుదిరింది, అందులో వీళ్ళు తిరిగెళ్ళే మాటే లేదు. స్వీడన్ మంత్రికి ఆయన రాసిన ఉత్తరం చదివితే గుండె తరుక్కుపోతుంది, మీరు మాటిచ్చారు, మమ్మల్ని వదిలేశారు అని. ఆ ఏడాదే రెండో భార్య కూడా పోయింది.

1650లో ఆయన రాసిందేంటో తెలుసా, వీలునామా. సంఘాన్ని చావుబతుకుల్లో ఉన్న తల్లిగా పెట్టి, ఆ తల్లి తన నగలు పంచిపెడుతున్నట్టు రాశాడు, పెద్ద సంఘాలకి ఇది, చిన్న సంఘాలకి ఇది, చివర్న చెక్ జనానికి. ఉగ్రత తుఫాను వెళ్ళిపోయాక నీ వ్యవహారాలు నడుపుకునే అధికారం తిరిగి నీ చేతికే వస్తుందని నేను దేవుని ఎదుట నమ్ముతున్నాను, అని వాళ్ళకి ఆ తల్లి చెప్తుంది. 1918లో చెకొస్లొవేకియా ఏర్పడ్డప్పుడు మొదటి ప్రెసిడెంట్ మసారిక్ తన మొదటి సందేశంలో ఆ మాటలే చెప్పాడు. రాసిన 268 ఏళ్ళకి.

అయితే మీకు అసలు చెప్పాలనుకున్నది ఇంకా చిన్న విషయం. 1656లో లెష్నో కూడా కాలిపోయింది, దాని సంగతి కింద ఇంకో జవాబులో చెప్తా. ఇంక సంఘం అంటూ ఒక చోట లేదు, ఆమ్‌స్టర్‌డామ్‌లో ఎవరింట్లోనో ఉంటున్నాడు, వయసు అరవై దాటింది. 1659లో చెదిరిపోయిన వాళ్ళందరికీ పాటల పుస్తకం ఒకటి వేయించాడు. 1661లో ఒక చిన్న ప్రశ్నోత్తరాల పుస్తకం, మన సండే స్కూల్లో పిల్లలకి చెప్పే లాంటిదే, అచ్చు వేయించి మొదటి పేజీలో ఎవరికి అంకితమో రాశాడు, అక్కడక్కడా చెదిరిన క్రీస్తు గొర్రెలకి అని, ఊరుకోకుండా ఊళ్ళ పేర్లలో మొదటి అక్షరాలు కూడా వేశాడు, అవి ఏ ఊళ్ళంటే ఫుల్నెక్, కున్‌వాల్డ్, త్సౌఖ్టెన్‌థాల్, ఇంకా కొన్ని పల్లెలు. నలభై ఏళ్ళ కిందట తను వదిలేసి వచ్చిన ఊళ్ళు అవి. అక్కడ ఇంకా ఎవరన్నా దొంగచాటుగా ప్రార్థన చేసుకుంటున్నారో లేదో, ఉన్నా ఆ పుస్తకం వాళ్ళ చేతికి చేరుతుందో లేదో, అన్నీ తెలిశాక రాద్దామని ఆయన ఆగలేదు.

ఆ ఊళ్ళు ఆరిపోలేదు బ్రదర్. అదే ప్రాంతం పల్లెల్లో ఆ విశ్వాసం పైకి కనపడకుండా ఇళ్ళల్లో బతికింది. 1722లో అక్కడినుంచి కొన్ని కుటుంబాలు సరిహద్దు దాటి జర్మనీలో త్సింత్సెండోర్ఫ్ అనే ప్రభువు భూమిలో ఇళ్ళు కట్టుకున్నాయి, హెర్న్‌హుట్ అని పేరు పెట్టారు, ఆ పాత 'సహోదరుల ఐక్యత' మొరావియన్ సంఘం అనే పేరుతో మళ్ళీ లేచింది అక్కడే. వాళ్ళల్లో త్సౌఖ్టెన్‌థాల్ నుంచి వచ్చిన డేవిడ్ నిట్ష్‌మన్ అనే వడ్రంగికి 1735లో బిషప్పుగా అభిషేకం జరిగింది, ఆ చేతులు పెట్టింది ఎవరో తెలుసా, బెర్లిన్‌లో ఉన్న డానియెల్ యబ్లోన్‌స్కీ, కొమేనియస్ కూతురి కొడుకు. తాత అంకితంలో రాసిన ఊరివాడు మనవడి ముందు మోకరించాడు.

నా సలహా అడిగారు కాబట్టి ఒక్కటి. మీ మూడు కాలనీల్లో ఉన్న కుటుంబాల పేర్లు, హైదరాబాద్ పోయిన పిల్లల పేర్లు, పాత ఊళ్ళో మీరు పాడుకున్న పాటలు, ముఖ్యంగా మీ పెద్దవాళ్ళు కట్టిన పాటలు ఎక్కడా అచ్చులో ఉండవు, అవన్నీ ఒక నోటుబుక్కులో రాసి మూడు జిరాక్సులు తీయించి మూడు చోట్లా పెట్టండి. గంట కట్టడానికి చోటు దొరికేదాకా ఆగకండి.

ప్రశ్న: ఇన్ని దేశాలు తిరిగాడు, ఇన్ని పుస్తకాలు రాశాడు, డబ్బులెవరిచ్చారండీ?
— డిగ్రీ స్టూడెంట్, గుంటూరు

జవాబు: మంచి ప్రశ్న, ఎవరూ అడగరు దీన్ని. 1641లో ఇంగ్లండ్‌లో స్నేహితులు పిలిస్తే వెళ్ళాడు, అక్కడ అంతర్యుద్ధం మొదలైపోయింది, పని జరగలేదు. ఆ తర్వాత లూయీ డి గీర్ అనే పెద్ద వ్యాపారి ఆదుకున్నాడు, స్వీడన్ బడులకి పాఠ్యపుస్తకాలు రాసిపెట్టమని. ఆరేళ్ళు బాల్టిక్ తీరాన ఎల్బింగ్‌లో కూర్చుని ఆ పని చేశాడు. ఆయనకేమో మనుషులందరి జ్ఞానాన్నీ కలిపి ఒక పెద్ద గ్రంథం రాయాలని ఆరాటం, డబ్బిచ్చేవాళ్ళకేమో లాటిన్ వాచకాలు కావాలి. చివరికి ఆమ్‌స్టర్‌డామ్‌లో ఆశ్రయమిచ్చింది కూడా ఆ వ్యాపారి కొడుకే. బాధపెట్టే సంగతి ఒకటుంది, దాచను, ఆ డి గీర్ సంపాదన చాలావరకు ఇనుము, ఫిరంగులు, ఆయుధాల్లోంచి వచ్చిందే. యుద్ధం ఇల్లు కాల్చినవాడికి యుద్ధంలో సంపాదించినవాడే అన్నం పెట్టాడు. 1667లో ఇంగ్లండ్, హాలండ్ బ్రెడాలో సంధి మాటలాడుకుంటుంటే ఈ ముసలాయన 'శాంతిదూత' అని ఒక పుస్తకం రాసి ఆ రాయబారులకి పంపాడు, సముద్రం మీద వ్యాపారం కోసం కొట్టుకు చావడం క్రైస్తవులు చేసే పనేనా అని. ఎవరి ఇంట్లో ఉంటున్నాడో మర్చిపోకుండానే రాసి ఉంటాడు అది.

ప్రశ్న: సార్, ఆయన్ని మరీ పైకెత్తుతున్నారేమో. దొంగ ప్రవచనాలు నమ్మి అచ్చు కూడా వేయించాడని చదివాను. నిజమేనా? ఈ రోజుల్లో అలాంటి ప్రవక్తల వల్ల మా బంధువులు చాలా నష్టపోయారు, అందుకే అడుగుతున్నా.
— ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: నిజమేనండి, మీరడగకపోయినా చెప్పాల్సిందే.

ద్రాబిక్ అని ఆయన చిన్నప్పటి బడి స్నేహితుడు, ఆయనా పాస్టరే, ఆయనా దేశం వదిలి వచ్చినవాడే. ఈ ద్రాబిక్‌కి దర్శనాలు వచ్చేవట, హాబ్స్‌బర్గ్ రాజ్యం కూలిపోతుంది, ఫలానా రాజు వచ్చి మనల్ని ఇంటికి తీసుకెళ్తాడు అని. కొమేనియస్ మొదట సందేహించాడు, తర్వాత నమ్మాడు, ఇంకో ఇద్దరి దర్శనాలతో కలిపి 1657లో పుస్తకంగా వేశాడు. ఒక్కటీ జరగలేదు. ఆయన పోయిన మరుసటేడు, 1671లో, ద్రాబిక్‌ని పట్టుకుని మరణశిక్ష వేశారు. అచ్చులో ఉన్న మాటలే ఆ ముసలాయన మీద సాక్ష్యం అయ్యాయి.

దీనికంటే పెద్ద దెబ్బ ఇంకోటి. 1655లో స్వీడన్ రాజు పోలెండ్ మీద దండెత్తితే కొమేనియస్ ఆ రాజుని పొగుడుతూ రాశాడు. ఉంటున్నది పోలెండ్‌లో, పాతికేళ్ళకి పైగా అన్నం పెట్టిన దేశం. 1656 ఏప్రిల్‌లో పోలిష్ సైన్యం వచ్చి లెష్నోని కాల్చేసింది. ఊరు ప్రొటెస్టెంట్ ఊరు, స్వీడన్ పక్షాన ఉంది అని కోపం, అందులో ఈయన రాతల పాలు కూడా ఉందని చాలామంది అప్పుడే అన్నారు, నేను కూడా కాదనలేను. ఇళ్ళతో పాటు ఆయన చేతిరాతలు కాలిపోయాయి, అందులో చెక్ భాష నిఘంటువు ఒకటి, స్టూడెంటుగా ఉన్నప్పుడు మొదలుపెట్టి 44 ఏళ్ళు కూడబెట్టిన మాటలు. ఊపిరి ఆగినప్పుడే ఈ ఏడుపు ఆగుతుంది అని రాసుకున్నాడు. ఒక్కసారి ఊహించుకోండి, మీ అమ్మమ్మ నోటినుంచి, పొలంలో కూలీల నోటినుంచి, సంతలోంచి ఏరుకొచ్చిన మాటలు, ఆ భాషనే దేశంలో అణిచేస్తున్న టైములో, ఒక్క కాపీ, పొయ్యిలో కట్టెల్లాగా.

ఎందుకు నమ్మాడు అంటే నాకు తోచింది చెప్తా. ఇంటికెళ్ళాలన్న ఆశ ముప్ఫై ఏళ్ళు తీరకుండా ఉంటే ఎంత చదువుకున్నవాడి చెవికైనా ఆ ఒక్క మాట వినపడితే చాలు. మీ బంధువులు కూడా తెలివితక్కువవాళ్ళు అయి ఉండరు, ఏదో గట్టిగా కావాల్సి వచ్చి ఉంటుంది, ఆ కావాల్సినదాన్ని చూసే ఆ ప్రవక్త మాట్లాడి ఉంటాడు. వాళ్ళని ఎద్దేవా చెయ్యకండి. కొమేనియస్ చివర్లో, 1668లో, 'అవసరమైనది ఒక్కటే' అని ఒక పుస్తకం రాశాడు, 76 ఏళ్ళ వయసులో, మార్త మరియల కథలో యేసు అన్న మాట అది. జీవితమంతా చిక్కుదారుల్లో తిరిగాను అని అందులో తనే ఒప్పుకుంటాడు.

ప్రశ్న: వీళ్ళకీ మన తెలుగువాళ్ళకీ ఏమన్నా సంబంధం ఉందా, లేక ఊరికే ఎక్కడివాళ్ళో కథేనా?
— రిటైర్డ్ లైబ్రేరియన్, మెదక్

జవాబు: మీరు మెదక్ నుంచి అడిగారు కాబట్టి ముందు మీ ఊరితోనే మొదలుపెడతా. మీ పెద్ద చర్చి కట్టించింది వెస్లియన్ మెథడిస్టు మిషను కదా. ఆ మెథడిస్టులకి మూలపురుషుడైన జాన్ వెస్లీ 1736 జనవరిలో అమెరికాకి ఓడలో వెళ్తుంటే పెద్ద తుఫాను వచ్చి తెరచాప చిరిగిపోయింది, ఇంగ్లీషువాళ్ళు కేకలు పెడుతున్నారు, అదే ఓడలో ఉన్న మొరావియన్లు మాత్రం ఆడా మగా పిల్లలూ నిబ్బరంగా కీర్తనలు పాడుకుంటూ ఉన్నారు. నాకు వీళ్ళకున్న విశ్వాసం లేదే అని వెస్లీని ఏళ్ళపాటు తొలిచేసిన సంఘటన అది. ఆ మొరావియన్ల గుంపుకి పెద్ద ఎవరంటే పైన చెప్పిన నిట్ష్‌మనే, కొమేనియస్ మనవడు అభిషేకించినాయన.

ఇంకోటి, లైబ్రేరియన్ కాబట్టి మీకు బాగా నచ్చుతుంది. కొమేనియస్ ఇరవై ఏళ్ళకి పైగా రాసిన ఆ పెద్ద గ్రంథం, మానవ వ్యవహారాలు బాగుపడ్డానికి అందరితో సంప్రదింపు అని దాని పేరు అర్థం, ఏడు భాగాలు, ఆయన బతికుండగా పూర్తిగా అచ్చవలేదు, చేతిరాత ప్రతి ఎక్కడుందో కూడా మర్చిపోయారు. 1930ల్లో జర్మనీలోని హాలె ఊళ్ళో ఒక పాత అనాథాశ్రమం లైబ్రరీలో దొరికింది, దాన్ని వెతికి పట్టుకున్న చిజెవ్‌స్కీ అనే పండితుడు కూడా ఉక్రెయిన్ నుంచి పారిపోయి వచ్చినవాడే. 1966లో గానీ ప్రాగ్‌లో అది మొత్తంగా అచ్చవలేదు.

ఆ హాలె ఊరు మన సాహిత్య చరిత్రలో ఉంది సార్. బెంజమిన్ షుల్జ్ అని మిషనరీ, మద్రాసులో ఉండి తెలుగు నేర్చుకుని బైబిల్ తెలుగులోకి మార్చినవాడు, అది అచ్చుకి నోచుకోలేదు, ఆయన 1743లో హాలె తిరిగెళ్ళి 1746, 47ల్లో తెలుగు అక్షరాలతో చిన్న చిన్న పుస్తకాలు అచ్చు వేయించాడు. తెలుగులో మొట్టమొదటి అచ్చు పుస్తకాలని మనవాళ్ళు చెప్పుకునేవి అవే. షుల్జ్ పనిచేసిన మిషనుకి మనుషుల్ని తయారుచేసి పంపింది ఆ అనాథాశ్రమం నడిపిన సంస్థవాళ్ళే. అంటే సొంత భాష నిఘంటువు మంటల్లో పోగొట్టుకున్న మనిషి రాతలు ఏ ఊళ్ళో దాగి బతికాయో, మన భాష మొదటిసారి సిరాలో పడింది కూడా ఆ ఊళ్ళోనే.

ప్రశ్న: అంకుల్, మా అమ్మ మీ పుస్తకం చదివి చెప్పింది. ఆయన పిల్లల కోసం బొమ్మల పుస్తకం రాశాడంట కదా. అందులో ఏమేం బొమ్మలుంటాయి?
— అయిదో తరగతి పాప, తణుకు

జవాబు: తల్లీ, నీ ప్రశ్న చివర్న పెట్టుకున్నా, నాకిష్టమైంది దాచుకుని తిన్నట్టు. ఆ పుస్తకం పేరుకి బొమ్మల్లో లోకం అని అర్థం. 1658లో న్యూరెంబర్గ్‌లో అచ్చు వేశారు, 150 పాఠాలు, ఒక్కో పాఠానికీ ఒక్కో బొమ్మ. బొమ్మలో వస్తువుల పక్కన చిన్న చిన్న నంబర్లుంటాయి, కింద వాక్యంలో అదే నంబరు, రొట్టెల కొట్టు బొమ్మలో పొయ్యికి ఒకటి, పిండికి ఒకటి అనుకో, వేలు పెట్టి చూసుకుంటూ చదువుకోవచ్చు.

మొదటి పేజీలో మాస్టారు, పిల్లాడు నిలబడి ఉంటారు. రా బాబూ, తెలివి నేర్చుకో అంటాడు మాస్టారు. తర్వాత అక్షరాలు. నువ్వు అ అంటే అమ్మ, ఆ అంటే ఆవు అని నేర్చుకున్నావు కదా, వాళ్ళకి కాకి బొమ్మ ఉంటుంది, కాకి 'ఆ ఆ' అని అరుస్తుంది, అది మొదటి అక్షరం. గొర్రెపిల్ల 'బే ఏ ఏ' అంటుంది, అది రెండోది. కోడిపిల్ల 'పి పి'. పిల్లి 'నౌ నౌ' అంటుందంట, మన పిల్లి మ్యావ్ అంటుంది, వాళ్ళ పిల్లి అలా అంటుందేమో. బడికెళ్ళిన మొదటి రోజే పిల్లలందరూ కాకుల్లా గొర్రెల్లా అరుస్తూ చదువు మొదలుపెడితే ఎంత బావుంటుందో చూడు.

ఆ తర్వాత నిప్పు, గాలి, నీళ్ళు, మబ్బులు, చెట్లు, చేపలు, తేనెటీగలు, వంటిల్లు, బట్టలు కుట్టే దర్జీ, పుస్తకాలు అచ్చు వేసేవాళ్ళు, అన్నీ ఉంటాయి. ఒక పాఠం దగ్గర మాత్రం ఆయన కొంచెం ఆగి ఆలోచించి ఉంటాడు, ఎందుకంటే అది మనిషి ఆత్మ గురించిన పాఠం. కంటికి కనపడనిదాన్ని ఎలా గీస్తారు చెప్పు? ఆ పేజీలో ఒక తెల్లటి గుడ్డ లాంటిది పరిచినట్టు ఉంటుంది, దాని మీద మనిషి ఆకారం, గీతలు ఉండవు, అన్నీ చుక్కలే, తల చుట్టూ చుక్కలు, చేతుల చుట్టూ చుక్కలు, మీ అమ్మ వాకిట్లో ముగ్గుకి ముందు పెట్టే చుక్కల్లాగే. నువ్వు కూడా ఒక కాగితం మీద అలా పెట్టి చూడు, కలపకుండా వదిలెయ్యి, నాకు పోస్టులో పంపు.